చెన్నైలో తక్కువ ఖర్చుతో, చేతి పనితో పాతకాలపు పెళ్లి: తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ల క్రితం మా చెల్లి పెళ్లి చెన్నైలోనే చేశాం. అలంకరణ చాలావరకు ఇంట్లో వాళ్లమే చేసుకున్నాం. ఆ ఫోటోలు చుట్టాల్లో తిరిగాక, పెళ్లి కుదిరిన ప్రతి ఇంటి నుంచీ నాకు ఫోన్లు మొదలయ్యాయి. అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## ఇంకా అనుకుంటున్న దశలో

వింటేజ్ థీమ్ అంటే అసలేం పెట్టాలి? నెట్‌లో చూస్తే అన్నీ లేసులు, గాజు సీసాలే కనిపిస్తున్నాయి.

అవి విదేశాల వాళ్ల అమ్మమ్మల సామాన్లు. మన అమ్మమ్మల సామాన్లు వేరే ఉన్నాయి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన రాజధాని మద్రాసే. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తెలుగు సినిమా, పత్రికలు, అచ్చు పని ఇక్కడే ఎక్కువగా నడిచాయి. కాబట్టి చెన్నైలో తెలుగు పెళ్లికి 1950ల మద్రాసు తెలుగు ఇల్లు కన్నా మంచి థీమ్ లేదని నా అభిప్రాయం. ట్రంకు పెట్టె, మరచెంబు, పానకం బిందెలు, తాటాకు విసనకర్రలు, వాల్వు రేడియో, లాంతరు, గోడ మీద ముందుకు వాలి ఉండే చెక్క ఫ్రేము ఫోటోలు. రంగులు మూడు చాలు: పసుపు, కుంకుమ ఎరుపు, మీగడ తెలుపు. నాలుగో రంగు వచ్చిందంటే అది షామియానా వాడి ఇష్టమైపోతుంది.

చేత్తో చేసుకుంటే నిజంగా ఖర్చు తగ్గుతుందా?

అన్నిసార్లూ తగ్గదు. ఒక లెక్క చూడండి. శుభలేఖ ఒక్కోటి మడిచి, దారం కట్టి, పసుపు పెట్టడానికి 12 నిమిషాలు అనుకుందాం. 200 కార్డులకు 40 గంటలు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట రోజుకు గంట కూర్చుంటే నెల దాటిపోతుంది. పైగా జిగురు, రిబ్బను, మర్చిపోయిన దారం కోసం మళ్లీ ఆటో.

మేము చేసిన తప్పు కాగితపు పూల తెర. 600 పూలు అనుకుని మొదలుపెట్టాం. 250 దగ్గర మా పిన్ని "ఇక నా వల్ల కాదమ్మా" అని లేచిపోయింది. తీరా స్టేజీ మీద పెడితే పది అడుగుల దూరం నుంచి అవి కాగితమో ప్లాస్టిక్కో ఎవరికీ తెలియలేదు. అప్పుడు అర్థమైంది నాకు. అతిథి చేతిలోకి వచ్చేది, లేదా చేయి చాచితే అందేది మాత్రమే చేత్తో చేయాలి. దూరంగా కనిపించేది అద్దెకు తెచ్చుకోవాలి, లేదా అసలు పెట్టకూడదు.

మరి డబ్బు ఎక్కడ మిగులుతుంది?

విస్తట్లో. చెన్నైలో వంట కాంట్రాక్టు మాట్లాడేది ఆకుకి ఇంత అని. ముందురోజు రిసెప్షన్ భోజనం, పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం కలిపితే ఒక మనిషికి మూడు ఆకులు. 100 మందిని తగ్గిస్తే 300 ఆకులు తగ్గాయి. అలంకరణలో ఎంత పీనాసితనం చేసినా దీనికి సరితూగదు. పిలుపుల జాబితా దగ్గర నాన్నగారితో ఒకసారి గట్టిగా కూర్చోండి. కష్టమే.

ఏ నెలలో పెట్టుకుంటే మండపం చవకగా దొరుకుతుంది?

ఇది చెన్నై తెలుగువాళ్లకు మాత్రమే ఉన్న సౌకర్యం. మనం ఆషాఢంలో పెళ్లిళ్లు చేయం, తమిళులు ఆడి నెలలో చేయరు. అయితే మనది చాంద్రమానం, వాళ్లది సౌరమానం. అందుకే మన ఆషాఢం అయిపోయి శ్రావణం వచ్చినా వాళ్లకు ఆడి నడుస్తూనే ఉంటుంది. 2025లో శ్రావణం జూలై 25న మొదలైంది, ఆడి ఆగస్టు 16 దాకా ఉంది. ఆ మూడు వారాలు మండపాలకు గిరాకీ తక్కువ, మనకేమో ముహూర్తాలు ఉంటాయి. అద్దె దగ్గర ధైర్యంగా బేరం ఆడొచ్చు. శ్రావణానికి ముందే అధికమాసం వచ్చిన ఏడాది ఈ వ్యవధి కొద్ది రోజులకు కుదించుకుపోతుంది. మూఢం సంగతి కూడా పంతులుగారిని అడగండి. ఆడి తగ్గింపు అమ్మకాలు కూడా అప్పుడే కాబట్టి చుట్టాలకు పెట్టే బట్టలు టి.నగర్‌లో అదే ఊపులో కొనేయొచ్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. మా చెల్లిది కార్తీకమాసం ముహూర్తం. గుమ్మం బయట కట్టిన రంగు కాగితాల జెండాలు ఒక్క జల్లుకి తడిసి, ఎర్ర రంగు కారి, ఎదురుకోలు దగ్గర పెళ్లికొడుకు మేనమామ తెల్ల పంచె మీద పడింది. ఆయన నవ్వేశారు. మా నాన్న నవ్వలేదు.

## మండపం, ముహూర్తం

మండపం ఖాయం చేసుకునే ముందు ఏం అడగాలి?

అద్దె ఎంతని అందరూ అడుగుతారు. మీరు ఇవి కూడా అడగండి. గోడకు మేకు, టేపు వేయనిస్తారా? బయటి డెకరేటరు, బయటి వంటవాళ్లు రావచ్చా, వస్తే అదనంగా కట్టాలా? కరెంటు మీటరు చూసి యూనిట్ లెక్కన వేస్తారా? జనరేటరు డీజిలు, క్లీనింగు, జీఎస్టీ అద్దెలో కలిసి ఉన్నాయా?

చేతి పని చేసేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యం తాళం ఎప్పుడిస్తారు అన్నది. మాకు మధ్యాహ్నం 3 అని చెప్పి, ముందు పెళ్లివాళ్లు ఖాళీ చేయలేదని నాలుగున్నరకి ఇచ్చారు. ఆరున్నరకి రిసెప్షన్. అన్నీ ఇంట్లోనే తాళ్లకు గుచ్చి, చాపలా చుట్టి తెచ్చాం కాబట్టి బతికిపోయాం. అక్కడికెళ్లి కూర్చుని అతికించాల్సింది ఏదీ పెట్టుకోవద్దు.

మా ముహూర్తం అర్ధరాత్రి 2 గంటలకు. ఇక్కడి మండపాల్లో కుదురుతుందా?

కుదురుతుంది. తమిళుల పెళ్లిళ్లు ఎక్కువగా పొద్దున్నే కాబట్టి మండపాలు ముందురోజు మధ్యాహ్నం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఇస్తారు. మన రాత్రి ముహూర్తం అందులో ఇమిడిపోతుంది. ఇబ్బందల్లా వంటవాళ్లతోనే. వాళ్లు రాత్రి పడుకుని నాలుగింటికి లేచే అలవాటు. రెండింటికి కాఫీ కావాలంటే ముందే చెప్పి, దానికి వేరే మనిషిని మాట్లాడుకోండి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. మేళం లోపలే ఉండాలి. పాతకాలపు థీమ్‌కి మాత్రం రాత్రి ముహూర్తం వరం. ట్యూబులైట్లు ఆపేసి పసుపు వెలుగు బల్బులు, లాంతర్లు పెడితే సగం అలంకరణ అయిపోయినట్టే. లాంతర్లలో నూనె వద్దు, బ్యాటరీ దీపాలు పెట్టండి. పక్కనే కాగితాలూ పట్టుచీరలూ ఉంటాయి.

## శుభలేఖలు

పోస్టు కార్డు మీద శుభలేఖ వేస్తే ఎలా ఉంటుంది?

చాలా బాగుంటుంది. కాకపోతే ఒక మెలిక ఉంది. 50 పైసల పోస్టు కార్డు చేత్తో రాసిన ఉత్తరానికే. అచ్చు వేసి పంపాలంటే 6 రూపాయల ప్రింటెడ్ కార్డు లెక్కలోకి వస్తుంది. అయినా చవకే. మేము 40 కార్డులు మాత్రం నాన్న చేతే రాయించాం, ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల కోసం. పొడి పసుపు రాస్తే దారిలో రాలిపోతుంది. నీళ్లలో కలిపి అంచులకు అద్ది ఆరబెట్టండి. దగ్గరి చుట్టాలకు కార్డు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు, బొట్టు పెట్టి పిలవాల్సిందే.

తెలుగులో కార్డు వేయిస్తే ఒత్తులన్నీ ఊడిపోతున్నాయి. ఏం చేయాలి?

పారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ స్ట్రీట్‌లో కాగితమూ కార్డులూ మంచి ధరకు దొరుకుతాయి. అయితే అక్కడ కంపోజు చేసే అబ్బాయికి తెలుగు రాకపోవచ్చు. 'లక్ష్మీ'లో మకారం ఒకచోట, గుడి ఒకచోట పడతాయి. మీరే ఇంట్లో కంపోజు చేసి, అక్షరాలను బొమ్మలుగా మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. పెద్దన, సూరన్న, గిడుగు, గురజాడ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఎక్కువ కాపీలు వేసే ముందు ఒక కాపీ కాగితం మీద తీయించి, కళ్లజోడు పెట్టుకునే పెద్దవాళ్ల చేత చదివించండి. తప్పులు వాళ్లకే దొరుకుతాయి.

కార్డు మీద ప్లాస్టిక్ పొర చుట్టించొద్దు. శుభలేఖల మీద చుట్టే ప్లాస్టిక్ ఫిల్మును 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా అదే జాబితాలో ఉంది. స్టేజీ మీద థర్మోకోల్ పేర్లు పెడతామని ఎవరైనా అంటే వద్దనండి.

## చేతి పనులు

ఒక్కటే చేయగలిగే ఓపిక ఉంటే ఏది చేయాలి?

అడ్డుతెర. జీలకర్ర బెల్లం పెట్టేదాకా అందరి కళ్లూ దాని మీదే. ఫోటోల్లో మిగిలేది అదే. పెళ్లి అయ్యాక దాచుకునేదీ అదే.

మేము చేసిన పద్ధతి చెబుతాను. గోడౌన్ స్ట్రీట్‌లో రెండున్నర మీటర్ల తెల్లని నూలు గుడ్డ కొన్నాం. ముందు ఉతికాం, కుట్టాక ఉతికితే ముడుచుకుపోతుంది. మా తాతయ్య 1961లో అమ్మమ్మకు రాసిన ఉత్తరం ఒకటి ట్రంకు పెట్టెలో దొరికింది. దాని చివర 'క్షేమం' అన్న మాటని పెద్దది చేసి ప్రింటు తీసి, గుడ్డ కింద పెట్టి, పెన్సిలుతో దిద్దాం. ఆయన క్షకారం కింద తోకని కాస్త సాగదీసేవారు. ఆ తోక కూడా అలాగే వచ్చింది. ఎర్ర దారం, గొలుసు కుట్టు. పెద్దత్తయ్య, అమ్మ, నేను మధ్యాహ్నాలు వంతులవారీగా పదకొండు రోజులు కూర్చున్నాం.

సగం అయ్యాక గానీ ఒక సంగతి తట్టలేదు. తెరకు రెండు వైపులుంటాయి. అబ్బాయి వైపు అందమైన అక్షరాలు, మా అమ్మాయి వైపు ముడులూ వేలాడే దారాలూ! వెనక ఇంకో గుడ్డ వేసి కుట్టాల్సి వచ్చింది. మీరు మొదటే రెండు గుడ్డలు కొనుక్కోండి. పై అంచులో సన్నటి కర్ర దూరేలా మడత కుడితే పట్టుకునేవాళ్ల చేతులు కుంగినా తెర మధ్యలో వేలాడిపోదు.

ఇంకా ఓపిక మిగిలితే కొబ్బరి బొండాం, తలంబ్రాల పళ్లెం, ఐరేని కుండలకు సున్నం గీతలు. ఇవి ఒక్కోటి ఒక మధ్యాహ్నం పని.

పాత సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

ముందు మీ ఇంటి అటక, తర్వాత మేనత్తల అటకలు. 'పెళ్లిలో పెడతాం' అంటే ఎవరూ కాదనరు. ఎవరిది ఏదో వస్తువు అడుగున చిన్న కాగితం అంటించి పేరు రాయండి, లేకపోతే మరచెంబు మీద ఏళ్ల తరబడి మాట పడుతుంది. మాకు చాలనివి పల్లావరం శుక్రవారం సంతలో కొన్నాం. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కితే నిలబడలేం. మూర్ మార్కెట్‌లో ఏదైనా దొరికేదని పెద్దవాళ్లు ఇంకా చెబుతుంటారు. ఆ భవనం 1985లో కాలిపోయింది.

పాత రేడియో కొంటే ప్లగ్గు పెట్టకండి. వెనక ఫోను, చిన్న స్పీకరు దాచండి, చాలు. కళాయి లేని పాత ఇత్తడి గిన్నెల్లో పులిహోర, చారు పెట్టకండి. పులుపుకు ఇత్తడి చిలుము కక్కుతుంది. అవి చూడటానికే.

తాతయ్యల పెళ్లి ఫోటోలు గోడకు పెట్టాలనుంది. పాడైపోతాయేమో?

అసలు ఫోటోలు ఇంట్లోంచి కదపొద్దు. 600 డీపీఐలో స్కాన్ చేయించి, మెరుపు లేని కాగితం మీద కాపీలు తీయించండి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని లాగితే బొమ్మ అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో పాటే ఫోటో తీయించండి. వియ్యాలవారి వైపు ఎన్నో మన వైపూ అన్నే ఫోటోలు ఉండాలి. లెక్క పెట్టేవాళ్లు ఉంటారు.

## బట్టలు, పూలు, భోజనం

అమ్మమ్మ పట్టుచీర కట్టుకోవాలని ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది.

పూర్తిగా విప్పి వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూడండి. మడత గీతలో వెలుగు చుక్కలు కనిపిస్తే ఆ చీర మూడు గంటల పీటల మీద కూర్చోవడాన్ని తట్టుకోదు. అంచు, కొంగు గట్టిగా ఉంటే కొత్త పట్టుగుడ్డ మీద వేయించవచ్చు, లేదా జాకెట్టుకి వాడవచ్చు. 'పాత జరీ చీరలు కొంటాం' అనేవాళ్లకు మాత్రం ఇవ్వొద్దు. వాళ్లకు కావలసింది జరీలోని వెండి, మీ అమ్మమ్మ చీర కాదు. మోచేతుల దాకా చేతులున్న జాకెట్టు, అరటినారతో కట్టిన పూలజడ ఉంటే కొత్త చీర కూడా పాతకాలపుదిలాగే కనిపిస్తుంది. కెంపుల నగలకు మైలాపూర్ మాడ వీధుల్లో నాట్యం నగలమ్మే కొట్లు చూడండి. తలంబ్రాల వేళకు ఎలాగూ మధుపర్కాలే. తెల్ల నూలు మీద ఎర్ర అంచు, ఇంతకన్నా పాతది, చవకైనది ఇంకేముంది?

పూలు కోయంబేడులో కొంటే చాలా మిగులుతుందా?

విడిపూలు కిలో లెక్కన కొని, కట్టేవాళ్లకు వేరే కూలి ఇస్తే మిగులుతుంది. కట్టిన మూరలు కొంటే పెద్ద తేడా ఉండదు. తెల్లవారకముందే వెళ్లండి. ముహూర్తాల రోజు ధర ఎక్కుతుంది. డిసెంబరు, జనవరిల్లో మల్లెల దిగుబడి పడిపోయి ధర ఆకాశంలో ఉంటుంది. అప్పుడు బంతి, చామంతితో సరిపెట్టి మల్లెలు జడకు మాత్రం ఉంచుకోండి. పొద్దున కొన్న మల్లెమొగ్గలు తడి గుడ్డలో చుట్టి ఉంచితే సాయంత్రానికి విచ్చుకుంటాయి. గుమ్మానికి మామిడాకులు, అరటిచెట్లు, కొబ్బరాకు తోరణాలు చాలు.

వంటవాళ్లు తమిళులు. మన పాతకాలపు భోజనం వాళ్లతో కుదురుతుందా?

బాగా చేస్తారు, పేర్లతో కాకుండా రుచితో చెబితే. 'దప్పళం' అంటే సాంబారు వస్తుంది. పప్పు వేయొద్దు, పెద్ద ముక్కలు, చింతపండు, బెల్లం అని చెప్పాలి. ముద్దపప్పు, పూర్ణాలు, పులిహోరకు ముందే ఒక రోజు రుచి చూపించమనండి. ఆవకాయ, కందిపొడి ఇంటి నుంచే. మెనూ పొడుగు పెంచకండి. పది పదార్థాలు వేడిగా పడితే ఇరవై ఐదు చల్లారినవాటి కన్నా బాగుంటుంది.

తాంబూలం సంచి తక్కువలో, అందంగా ఏదైనా ఉందా?

పసుపు సంచి. ఇక్కడ మంజప్పై అంటారు. ఒకప్పుడు తమిళనాట పెళ్లిళ్లలో వధూవరుల పేర్లు అచ్చేసి ఇచ్చినవి ఇవే. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం మళ్లీ మంజప్పై వాడమని ప్రచారం మొదలుపెట్టింది. గుడ్డలా కనిపించే నాన్-వోవెన్ ప్లాస్టిక్ సంచులను 2019 జనవరి 1న ఇక్కడ నిషేధించారు, అవి కొనకండి. మేము చెక్క అచ్చు ఒకటి చేయించి, ఎర్ర రంగుతో ఇంట్లోనే పేర్లు వేసుకున్నాం. మొదటి పది సంచుల మీద పేరు తిరగబడి పడింది. అచ్చు మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిప్పి చెక్కాలని అప్పుడు తెలిసింది.

## ఆ రోజు, ఆ తర్వాత

పనులన్నీ పెళ్లికూతురి నెత్తి మీదే పడుతున్నాయి. టెన్షన్ తగ్గేదెలా?

పెళ్లికి పది రోజుల ముందు కత్తెర, జిగురు దాచేయండి. అప్పటికి అవనిది ఇక అవదు, లేకపోయినా ఎవరికీ తెలియదు. ప్రతి అట్టపెట్టె మీద ఎక్కడికి వెళ్లాలో రాయండి: గుమ్మం, స్టేజీ, భోజనాల హాలు. ఒక్కో పెట్టెకి ఒక్కో బావమరిది. మా ఇంట్లో బాగా పని చేసింది ఇదే.

మగపెళ్లివారు 'పాత సామాన్లు పెట్టారేంటి' అంటే?

ముందే వాళ్లింటి నుంచి కూడా ఒక వస్తువు అడిగి తెచ్చి పెట్టండి. మా వియ్యపురాలు వాళ్లమ్మ కాఫీ గింజల మర పంపారు. పెళ్లిరోజు ఆవిడ అందరినీ దాని దగ్గరికే తీసుకెళ్లి చూపించారు.

పెళ్లి రిజిస్ట్రేషన్‌కి చేతిరాత శుభలేఖ పనికొస్తుందా?

శుభలేఖ అడుగుతారు కాబట్టి, పోస్టు కార్డు ముచ్చట ఎలా ఉన్నా, అచ్చు కార్డు ఒకటి ఉంచుకోవడం మేలు. అందులో ఇద్దరి పూర్తి పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, తేదీ, మండపం చిరునామా స్పష్టంగా ఉండాలి. 'చిట్టి', 'బుజ్జి' అని ముద్దుపేర్లు వేయించి తర్వాత తిప్పలు పడ్డవాళ్లు ఉన్నారు. తమిళనాడు 2009 చట్టం ప్రకారం పెళ్లయిన 90 రోజుల్లోపు నమోదు చేయించాలి. దాటితే ఇంకో 60 రోజుల దాకా అదనపు రుసుముతో చేస్తారు. రాత్రి 12 దాటాక ముహూర్తమైతే కార్డు మీద తెల్లవారితే వచ్చే తేదీ వేయించండి. మా పంతులుగారు, ప్రింటు చేసే అబ్బాయి ఈ ఒక్క విషయం మీద అరగంట వాదించుకున్నారు.